బెంగళూరు నుంచి బాగేపల్లి వైపు గద్దల రోడ్డు సర్వే ట్రిప్: నా రివ్యూ

ముందుగా ఒక్క మాట. రోడ్డు సర్వే అంటే నెమ్మదిగా పోయే కారులోంచి రోడ్డు పక్కన కనపడే గద్దల్నీ డేగల్నీ లెక్కపెట్టి, ఎక్కడ కూర్చున్నాయో రాసుకోవడం. పెద్ద లెన్స్ తగిలించుకుని దగ్గర నుంచి డేగ ఫొటో కొట్టాలి అనుకునేవాళ్లకి ఈ ట్రిప్ సెట్ అవ్వదు, డబ్బులు దండగ అనిపిస్తుంది. కానీ గద్దలూ డేగలూ అసలు ఎక్కడ కూర్చుంటాయి, అక్కడే ఎందుకు కూర్చుంటాయి, మన రోడ్ల పక్కన ఇంకా ఉన్నాయా లేక తగ్గిపోతున్నాయా అని కొంచెమైనా పట్టించుకునేవాళ్లు బెంగళూరులో ఎవరైనా ఉంటే మాత్రం తప్పకుండా వెళ్లండి. నేనైతే ఇలాంటి పని చేయించే ట్రిప్ ఇంకోటి ఇక్కడ చూడలేదు.

టీమ్ చిన్నది, ఒక గైడు, ఒక డ్రైవరు, ఒక కారు, అంతే. పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఎందుకంటే ఒకసారికి ముగ్గురినే తీసుకెళ్తారు, పేరు బయట పెడితే వచ్చే ఫోన్లకి సమాధానం చెప్పలేమని వాళ్లే వద్దన్నారు. బెంగళూరు పక్షుల గ్రూపుల్లో ఎవరినడిగినా చెప్తారు లెండి. మనిషికి 3,200 తీసుకున్నారు, అందులో పొద్దున టిఫిను, నీళ్లు, బైనాక్యులర్ లేనివాళ్లకి బైనాక్యులర్ అన్నీ వచ్చేస్తాయి, మధ్యాహ్నం భోజనం మాత్రం మన ఖర్చే. పికప్ హెబ్బాళ దగ్గర పొద్దున 5:15కి. నేనూ మా తమ్ముడూ కేఆర్ పురం నుంచి వెళ్లాం, మూడో సీటులో మాకు తెలియని ఒక స్టూడెంట్ అబ్బాయి ఉన్నాడు.

రూటు ఎన్‌హెచ్ 44 మీద చిక్కబళ్లాపురం దాటి బాగేపల్లి, అక్కడ నుంచి చేలూరు వైపు లోపలి రోడ్లు, తిరుగు దారిలో గుడిబండ. ఆ ఏరియా తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కర్ణాటకే అయినా ఊళ్లల్లో చాలావరకు తెలుగే, మా కదిరి ఇంకాస్త ముందుకి పోతే వచ్చేస్తుంది. గైడుది కూడా కోలారు వైపే కాబట్టి రోజంతా తెలుగులోనే మాట్లాడాడు, ఇది నాకు చాలా ప్లస్, ఎందుకంటే ఇంతకుముందు వెళ్లిన చోట్ల అంతా ఇంగ్లీషులో గబగబా చెప్పేసేవాళ్లు, నాకు అర్థమయ్యేలోపు పక్షి ఎగిరిపోయేది.

ఇక అసలు విషయం. హైవే మీద వీళ్లు లెక్క పెట్టరు. 80, 100లో పోయే బండ్ల మధ్య మనం నెమ్మదిగా పోతే ప్రమాదం, పైగా ఆ స్పీడులో స్తంభం మీద కూర్చున్న చిన్న పక్షిని ఎవరు గుర్తుపడతారు చెప్పండి. బాగేపల్లి దాటి లోపలి రోడ్డు ఎక్కాక కారు 20 నుంచి 30 మధ్యకి దించేసి, గైడు అందరికీ పని పంచేశాడు. ముందు సీటులో కూర్చున్నవాళ్లు ఎడమ వైపు చూడాలి, డ్రైవర్ వెనక కూర్చున్నవాళ్లు కుడి వైపు చూడాలి, ఇంకొకరు వాళ్లిచ్చిన షీటులో రాయాలి. డ్రైవర్ అన్న మాత్రం రోడ్డే చూడాలి, ఆయనకి ఏదైనా కనపడినా లెక్కలోకి రాదు. ఎందుకని అడిగితే గైడు, డ్రైవర్ ఒక్కోసారి చూస్తాడు ఒక్కోసారి చూడడు, ఈ రోజు నలుగురు చూసి వచ్చే నెల ముగ్గురు చూస్తే ఆ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టలేం కదక్కా అన్నాడు. అలాగే దాటిపోయాక వెనక్కి తిరిగి చూసి కనిపెట్టినవి కూడా రాయకూడదు. మొదట్లో మా తమ్ముడికి ఇది నచ్చలేదు, ఉన్న పక్షిని లేదనుకోవడమేంటి అని కాసేపు వాదించాడు కూడా, కానీ గంట గడిచేసరికి వాడే వెనక్కి చూడొద్దు అని నాకు చెప్పడం మొదలుపెట్టాడు.

షీటు గురించి కొంచెం వివరంగా చెప్తా, నాకు ఈ ట్రిప్‌లో బాగా నచ్చింది అదే. పక్షి కనపడగానే పేరు రాసుకుని వెళ్లిపోవడం కాదు. టైము, కిలోమీటరు రీడింగు, రోడ్డుకి ఏ పక్క, ఎగురుతోందా కూర్చుందా, కూర్చుంటే దేని మీద కూర్చుంది, ఎంత ఎత్తులో, రోడ్డు నుంచి ఎంత దూరం, చుట్టుపక్కల ఏముంది అంటే చేనా బీడా చెరువా నీలగిరి తోటా, ఇవన్నీ నింపాలి. దేని మీద అన్నచోట చాలా గళ్లు ఉన్నాయి, 11 కేవీ అంటే 11 వేల వోల్టుల లైను స్తంభం, ఊళ్లోకి పోయే మామూలు కరెంటు స్తంభం, హై టెన్షన్ టవరు, తీగ, పచ్చని చెట్టు, ఎండిన కొమ్మ, బండరాయి, గట్టు, నేల. స్తంభం మీద అయితే పై కొసన కూర్చుందా, అడ్డంగా ఉండే ఇనప పట్టీ మీద కూర్చుందా అనేది కూడా వేరే వేరేగా రాయాలి, దాని సంగతి తర్వాత చెప్తా.

అయితే అన్నిటికంటే ముఖ్యమైన గడి షీటు అడుగున ఉంది, అది ఖాళీ స్తంభాలది. ప్రతి ఐదు కిలోమీటర్లకి ఒకసారి, అక్కడ పక్షి ఉన్నా లేకపోయినా, ఒక కిలోమీటరు మేర ఎన్ని స్తంభాలు, ఎన్ని పెద్ద చెట్లు, ఎన్ని ఎండు చెట్లు ఉన్నాయో లెక్కపెట్టి రాయాలి. ఒక్క పక్షి కూడా లేని కిలోమీటరులో అందరం కిటికీలోంచి స్తంభాలు లెక్కపెడుతూ కూర్చున్నాం. మీకు వింతగా అనిపించొచ్చు కానీ దీని వెనక కారణం విన్నాక నాకు నిజంగా కళ్లు తెరుచుకున్నాయి. పది పక్షులు చూస్తే ఎనిమిది స్తంభాల మీదే ఉన్నాయనుకోండి, వెంటనే మనం ఏమంటాం, ఈ గద్దకి స్తంభాలంటే ఇష్టం అంటాం. కానీ ఆ రోడ్డు పొడుగునా ఎత్తుగా ఉండేవి స్తంభాలు తప్ప ఇంకేమీ లేకపోతే? దానికి ఇంకో దారి లేదు కాబట్టి అక్కడ కూర్చుంది. అదే ఒకవైపు స్తంభాలు, ఒకవైపు చింతచెట్లు, ఒకవైపు ఎండు కొమ్మలు సమానంగా ఉన్న చోట కూడా స్తంభమే ఎక్కితే అప్పుడు ఇష్టం అనొచ్చు. అంటే ఏం ఉన్నాయో తెలియకుండా ఏది ఎంచుకుందో చెప్పలేం. ఖాళీవి లెక్కపెట్టకపోతే కూర్చున్నవాటి లెక్కకి అర్థమే లేదు.

దీనికే ఇంకో కొస ఉంది. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు పక్కనున్న పాత చింతలు, మర్రులు, కానుగలు కొట్టేస్తారు, మనందరం చూస్తున్నదే. ఆ తర్వాత అదే రోడ్డు మీద సర్వే చేస్తే గద్దలు ఎక్కువ కనపడొచ్చు, ఎందుకంటే కొమ్మల్లో కనపడకుండా కూర్చునేవి ఇప్పుడు బయటికి కనపడేలా స్తంభం మీద కూర్చుంటాయి. లెక్క పెరిగింది కాబట్టి పక్షులు పెరిగాయి అని రాసేస్తే తప్పు. నిజానికి అవి తగ్గి కూడా ఉండొచ్చు. ఇంకా ఒకటి, స్తంభాలు రోడ్డు వెంబడే ఉంటాయి కాబట్టి పక్షులు కూడా రోడ్డు వైపుకే లాగబడతాయి, రోడ్డు మీద నుంచి చూసినదాన్ని బట్టి చేలన్నిటిలో అంతే ఉన్నాయి అని గుణించేయకూడదు. రోడ్డు సర్వేతో ఏం చేయొచ్చు అంటే, అదే రోడ్డు, అదే టైము, అదే స్పీడు, అదే పద్ధతిలో ఏళ్ల తరబడి చేస్తే ఎక్కువవుతున్నాయా తక్కువవుతున్నాయా అనేది తెలుస్తుంది. గైడు దీన్ని ఎక్కడా పెద్దది చేసి చెప్పలేదు, మా సర్వేతో గద్దల మొత్తం జనాభా తెలిసిపోతుంది అని ఊదరగొట్టలేదు. ఆ నిజాయితీకే నేను ఒక స్టారు ఎక్కువ ఇస్తా.

టైము సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నే ఎందుకు అంటే ఎండ ఎక్కి నేల వేడెక్కితే వేడిగాలి పైకి లేస్తుంది, పెద్ద రెక్కల గద్దలన్నీ ఆ గాలి మీద రెక్క కొట్టకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతాయి, అప్పుడు స్తంభాలు చూసి లాభం లేదు. మేము వెళ్లింది చలికాలంలో, దాదాపు పదింటి దాకా కూర్చున్నవే ఎక్కువ కనపడ్డాయి, ఆ తర్వాత తలెత్తి ఆకాశం చూడాల్సి వచ్చింది. ఆ భాగం కొంచెం బోరు, మెడ నొప్పి కూడా. అందుకే మధ్యాహ్నం లెక్క ఆపేస్తారు.

ఇప్పుడు పక్షులు. అన్నీ రాయను, రెండు మూడు చెప్తా.

మొదటిది అడవి రామదాసు, నల్ల రెక్కల గద్ద. పావురం కన్నా కాస్త పెద్దగా, తెల్లగా బూడిదగా, భుజాల మీద నల్ల పట్టీ, కళ్లు ఎర్రగా నిప్పుల్లా ఉంటాయి. దూరం నుంచి తీగ మీద తెల్లగా కనపడితే మా తమ్ముడు కొంగ అన్నాడు. కారు దగ్గరికి పోయి ఇంజన్ ఆపేశాక బైనాక్యులర్‌లో చూస్తే అది తోక పైకి కిందికి ఊపుతోంది, కూర్చున్నంతసేపూ అదే పని, తల మాత్రం కదలకుండా కిందున్న వేరుశనగ చేను వైపే ఉంది. తర్వాత లేచి చేను మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడింది, కాళ్లు వేలాడేసి మెట్లు మెట్లుగా దిగి, చివర్లో రెక్కలు పైకెత్తి దబ్బున పడింది. లేచేటప్పుడు కాళ్లల్లో ఎలుక. పోయి పక్క స్తంభం మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది, అంటే వేట చూసిన తీగ వేరు, తిన్న స్తంభం వేరు, రెండూ షీటులో వేరే వేరే లైన్లలో రాయించాడు. తినడానికి వెడల్పుగా ఉండే చోటు కావాలి కదా, తీగ మీద ఎలుకని చీల్చడం కష్టం. ఇది నాకు అంతకుముందు తట్టనే లేదు, కూర్చోవడంలో కూడా ఇన్ని రకాలు ఉంటాయని.

రెండోది తెల్ల కన్ను బుడమల గద్ద. ఇది ఏడాది పొడుగునా మన దగ్గరే ఉండేది, వలస రాదు. స్తంభం పై కొసన నిటారుగా కూర్చుని ఎంతసేపైనా అలాగే ఉంటుంది, దాన్ని చూసి స్తంభంలో భాగమే అనుకుని నేను రెండుసార్లు దాటేసినంత పని అయ్యింది. గొంతు తెల్లగా ఉండి మధ్యలో ఒక నల్ల గీత నిలువుగా దిగుతుంది, కన్ను పాలిపోయిన తెలుపు. ఈ రెండూ చూస్తే ఇక వేరేదాంతో తికమక పడక్కర్లేదు. అది ఉన్న చోటు చుట్టూ చూడండి అన్నాడు గైడు, కింద గడ్డి పొట్టిగా ఉంది, అక్కడక్కడా తుప్పలు, బీడు నేల. మిడతలూ తొండలూ కనపడాలంటే గడ్డి పొట్టిగా ఉండాలి, పైన కూర్చోడానికి ఎత్తు ఉండాలి, రెండూ కలిసిన చోటే ఇది ఉంటుంది. అదే బీడుని ఎవరైనా నీలగిరి తోటగా మార్చేస్తే చెట్లు బోలెడు, కూర్చునే చోట్లు బోలెడు, కానీ కింద వేటకి నేలే ఉండదు. మేము దాటిన నీలగిరి తోటల పక్కన స్తంభాలన్నీ ఖాళీ, షీటులో వరసగా సున్నాలు.

మూడోది పిల్లి గద్దలు. ఇవి మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి చలికాలానికి మన దగ్గరకి వస్తాయి. వీటి కోసం స్తంభాలు చూస్తూ ఉంటే ఏమీ దొరకదు, ఎందుకంటే ఇవి మామూలుగా నేల మీదే కూర్చుంటాయి, దున్నిన చేలో మట్టిగడ్డ మీదో, గట్టు మీదో. రాత్రి పడుకునేది కూడా గడ్డిలో నేల మీదే, గుంపులుగా. మన కర్నూలు వైపు రోళ్లపాడులో ఇవి గుంపులుగా పడుకుంటాయని పక్షుల మీద పని చేసేవాళ్లందరికీ తెలుసు, ఆ అభయారణ్యం బట్టమేక పిట్ట అనే పెద్ద గడ్డినేల పక్షి కోసం 1988లో పెట్టింది, ఆ గడ్డిలోనే ఇవి కూడా రాత్రి బస చేసేవి. బెంగళూరులో ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు కూడా పిల్లి గద్దల మీద చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. సో రోడ్డు మీద నుంచి స్తంభాల ఎత్తులోనే చూస్తూ పోతే పిల్లి గద్దలు లేవనే రాసుకుంటాం. గైడు ప్రతి దున్నిన చేను దగ్గరా నేల చూడండి నేల చూడండి అని గుర్తుచేస్తూనే ఉన్నాడు, ఆయన చెప్పకపోయుంటే మట్టి రంగులో కూర్చున్న ఆడ పిల్లి గద్దని మాలో ఒక్కరం కూడా చూసేవాళ్లం కాదు.

ఇవి కాక తీగల మీద పాలపిట్టలు, పసుల పోలిగాళ్లు లెక్కలేనన్ని. అవి ఈ లెక్కలోకి రావు, కానీ పసుల పోలిగాడు అరుస్తూ ఎవరినో తరుముతున్నాడంటే అటు చూడాలి, చాలాసార్లు అక్కడ ఒక డేగ ఉంటుంది. జాలె డేగ అలాగే దొరికింది, చింతచెట్టు లోపల, ఆకుల మధ్య. ఇది కొమ్మల్లో దాక్కుని వేటాడే రకం కాబట్టి రోడ్డు సర్వేలో దీని లెక్క ఎప్పుడూ నిజం కంటే తక్కువే వస్తుంది అన్నాడు గైడు. తీగ మీద తెల్లగా కూర్చునే అడవి రామదాసునీ, చెట్టులో దాక్కునే జాలె డేగనీ ఒకే కొలతతో పోల్చకూడదు అన్నమాట.

చేలూరు దారిలో ఒక కందిచేను దగ్గర ఆగాం. చేనులో అక్కడక్కడా టీ ఆకారంలో కర్రలు పాతి ఉన్నాయి. వ్యవసాయ శాఖవాళ్లు చెప్పే పక్షి స్థావరాలు అవి, ఎకరాకి ఇన్ని అని పెట్టమంటారు, పురుగుల్ని తినే పిట్టలు వచ్చి కూర్చోవడానికి. ఒక పెద్దాయన గట్టు మీద నుంచి వచ్చి "ఏం జూస్తాండారమ్మా పొద్దన్నుంచి స్తంభాలెంబడి?" అని అడిగాడు. గద్దల్ని లెక్క పెడుతున్నాం పెద్దాయనా అంటే ఒక్క క్షణం చూసి, "ఆ తెల్లది ఉంటే మంచిదే, ఎలకల్ని పడుతుంది. కోళ్ల జోలికి రాదు. ఆ ఎర్రది మాత్రం పిల్లల్ని ఎత్తకపోతాది" అన్నాడు. ఆ కర్రల మీద పొద్దున ఏవి కూర్చుంటాయో, సాయంత్రం ఏవి కూర్చుంటాయో ఆ పెద్దాయన చెప్తుంటే గైడు కూర్చుని అన్నీ రాసుకున్నాడు, షీటులో ఆ కర్రలకి గడి లేదు, అక్కడికక్కడే పెన్నుతో ఒక గడి గీసేశాడు. నేను చాలా టూర్లలో చూశాను, రైతు వచ్చి మాట్లాడితే గైడ్లు తొందరగా వదిలించుకోవాలని చూస్తారు. ఇక్కడ ఆయనతో మాట్లాడడమే పనిలో భాగంలా జరిగింది.

స్తంభం కొసనా, ఇనప పట్టీ మీదా అనే సంగతి తర్వాత చెప్తా అన్నాను కదా. 11 కేవీ లైన్లలో తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి, అడ్డంగా ఉండే పట్టీ ఇనుముది, దానికి ఎర్త్ ఉంటుంది. చిన్న పిట్ట కూర్చుంటే ఏమీ కాదు. పెద్ద రెక్కల గద్ద ఆ పట్టీ మీద కూర్చుని రెక్క విప్పినప్పుడు ఒక పక్క తీగకి, ఇంకో పక్క పట్టీకో రెండో తీగకో తగిలితే అక్కడే పోతుంది. ఈకలు తడిసి ఉంటే ఇంకా ప్రమాదం. అందుకే ఏ రకం స్తంభం, ఏ చోట కూర్చుంది అనేది రాస్తున్నారు, ఎక్కడ ఎక్కువగా కూర్చుంటున్నాయో తెలిస్తే అక్కడ తీగకి ప్లాస్టిక్ తొడుగు వేయించడమో, తీగని పట్టీ కిందకి మార్చడమో అడగొచ్చు. హై టెన్షన్ టవర్లలో తీగలు చాలా దూరంగా ఉంటాయి కాబట్టి ఇలా షాక్ కొట్టడం తక్కువ, అక్కడ ఎగురుతూ తీగకి గుద్దుకోవడమే సమస్య. పాముల గద్ద అలాంటి టవరు మీదే కనపడింది మాకు, పెద్ద గుండ్రటి తల, పసుపు రంగు కళ్లు, గుడ్లగూబ ముఖంలా. ఒక స్తంభం కింద ఎండిపోయిన ఈకలు చూశాం, ఏ పక్షివో గైడు చేతిలోకి తీసుకోకుండా ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టుకున్నాడు. కాసేపు కారులో ఎవరం మాట్లాడలేదు. నాకైతే ఈ ఒక్క గడి కోసమైనా ఈ సర్వే ప్రతి జిల్లాలో జరగాలి అనిపించింది.

బైనాక్యులర్ల గురించి. వాళ్లు ఇచ్చేవి 8x42, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. కారులో నుంచి చూడడానికి ఇదే కరెక్టు, 10 రెట్లవి అయితే చెయ్యి వణుకు కూడా అంత పెద్దది అవుతుంది, చూసే వెడల్పు కూడా తగ్గుతుంది. కిటికీ అంచు మీద పెట్టుకోడానికి రాగులు నింపిన చిన్న గుడ్డ సంచి ఇచ్చారు, దాని మీద బైనాక్యులర్ ఆనించి ఇంజన్ ఆపేస్తే బొమ్మ కదలకుండా నిలబడుతుంది, ఇంట్లో మీరే కుట్టుకోవచ్చు, చాలా పనికొస్తుంది. కానీ నాకు ఇచ్చిన బైనాక్యులర్‌లో రెండు కళ్లకి బొమ్మ సరిగ్గా కలవలేదు, ఎప్పుడో కింద పడేసినట్టున్నారు, గంట చూసేసరికి తల నొప్పి మొదలైంది. చెప్తే గైడు తనది ఇచ్చేసి తను అది వాడుకున్నాడు, మంచితనమే, కానీ డబ్బులు తీసుకుంటున్నప్పుడు వస్తువు ముందే చెక్ చేసి పెట్టాలి. మీ సొంతది ఉంటే తీసుకెళ్లండి.

ఇంకా కంప్లయింట్లు ఉన్నాయి. పెద్దది టాయిలెట్. బాగేపల్లిలో ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆపారు, ఆ తర్వాత గుడిబండ వచ్చేదాకా ఏమీ లేదు. మగవాళ్లకి ఇబ్బంది ఉండదేమో, మాకు ఉంటుంది, నీళ్లు తాగడానికే భయపడ్డా. రూటు ప్లాన్ చేసేటప్పుడు ఇది కూడా ఆలోచించాలి, నేను ఫీడ్‌బ్యాక్‌లో గట్టిగా రాశాను. భోజనం మధ్యాహ్నం రెండు దాటాక దొరికింది, చిన్నపిల్లలతో అయితే అసలు వద్దు. పొద్దున టిఫిను మాత్రం చాలా బాగుంది, చిక్కబళ్లాపురం దాటాక రోడ్డు పక్కన వేడివేడి తట్టె ఇడ్లీ, మంచి కాఫీ.

ఇంకోటి, రిపోర్టు. ట్రిప్ అయ్యాక మీ డేటా మీకు పంపిస్తాం అన్నారు, నేను రెండుసార్లు గుర్తుచేశాకే వచ్చింది, అది కూడా పూర్తిగా ఇంగ్లీషులో. రోజంతా తెలుగులో చెప్పి రాయించినది తెలుగులో ఒక పేజీ ఇస్తే ఆ కందిచేను పెద్దాయనకి కూడా పంపించేవాళ్లం కదా. పక్షుల లిస్టు మాత్రం అదే రాత్రి ఈబర్డ్‌లో, అంటే ఎవరైనా చూసిన పక్షుల లిస్టులు పెట్టే వెబ్‌సైటులో, ఎక్కించేశారు, ఎంత దూరం ఎంతసేపు అన్న లెక్కతో సహా, మా ముగ్గురికీ షేర్ చేశారు. కాకపోతే ఈబర్డ్‌లో ఏ స్తంభం మీద కూర్చుందో రాయడానికి ప్రత్యేకం గడి లేదు, కామెంటులో రాసుకోవాలి, అందుకే వీళ్ల కాగితం షీటుకి విలువ ఎక్కువ, దాన్ని ఇంకా జాగ్రత్తగా దాచి, తొందరగా పంచుకోవాలి అంటాను. 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదికలో 942 జాతుల పరిస్థితి పరిశీలించారు, అందులో బయలు ప్రదేశాల్లో బతికేవి, వేటపక్షులు బాగా తగ్గుతున్నాయని స్పష్టంగా ఉంది. ఆ నివేదిక చాలావరకు మనలాంటి మామూలు మనుషులు ఎక్కించిన లిస్టుల మీదే నిలబడింది.

మిగతా టూర్లతో పోలిస్తే ఒకటి చెప్పాలి. ఇంతకుముందు నేను వేరేవాళ్లతో వెళ్లినప్పుడు, పేరు వద్దులెండి, ఒక డేగ ఫొటో కోసం డ్రైవర్ స్తంభం కిందికి కారు తోసేసి అందరినీ దింపేశాడు, అది ఎగిరిపోతే మళ్లీ వెంట పడ్డాడు. ఇక్కడ పక్షి దగ్గర ఆగినప్పుడు కారు తలుపు తెరవనివ్వలేదు. కదిలే కారుని పక్షులు పెద్దగా పట్టించుకోవు, మనిషి దిగాడంటే లేచిపోతాయి. అది వేట కోసం కూర్చుని ఉంటుంది, మనం లేపిన ప్రతిసారీ దాని తిండి టైము పోతుంది, ఎగిరే ఖర్చు అదనం. పక్షి కూత ఫోనులో వేసి పిలవడం కూడా లేదు. ఒకే పక్షి దగ్గర ఎక్కువసేపు ఆగడం లేదు, పేరు ఖాయం అవ్వగానే గళ్లు నింపి ముందుకి. ఫొటోగ్రాఫర్లకి కోపం వచ్చేది ఇక్కడే.

గుడిబండ దగ్గర భైరసాగర చెరువు చూపించారు, అక్కడ లెక్కలేమీ లేవు, ఊరికే చూడడమే. గరుడ పక్షులు నీళ్ల పక్కన చెట్ల మీద, జమ్ములో చెరువు పిల్లి గద్ద. అలిసిపోయి ఉన్నాం కాబట్టి ఆ అరగంట హాయిగా అనిపించింది. తిరిగి రావడం యెలహంక నుంచి ట్రాఫిక్కే, దాని గురించి చెప్పేదేముంది.

సాయంత్రం హెసరఘట్ట గడ్డి మైదానం ట్రిప్ కూడా వీళ్లే చేస్తారు, పిల్లి గద్దలు రాత్రి బసకి దిగేది చూడడానికి, అది సగం రేటు. రామనగరలో రాబందుల కొండకి కూడా అడిగాను, 2012లో రామదేవర బెట్టని రాబందుల అభయారణ్యం చేశారు కదా అని, కానీ వాటిని కొండ కింద నుంచి చూడడమే, రోడ్డు సర్వేలోకి రాదు కాబట్టి మేము చేయం అన్నారు.

ఎవరికి సూట్ అవుతుంది అంటే, ఓపిక ఉన్నవాళ్లకి, కాలేజీ పిల్లలకి, రిటైర్ అయినవాళ్లకి, గద్ద అంటే ఒకటే రకం అనుకునేవాళ్లకి ఇంకా బాగా. పక్షుల పేర్లు ముందే తెలియక్కర్లేదు, గైడు ఓపిగ్గా చెప్తాడు, కానీ రోజంతా కిటికీలోంచి చూసి రాసే ఓపిక మాత్రం కావాలి. నా వరకు అయిదుకి నాలుగు, తగ్గించిన ఒకటి టాయిలెట్లకీ ఆలస్యమైన రిపోర్టుకీ. వెళ్తే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి, అప్పుడైతే వలస వచ్చినవీ ఇక్కడివీ రెండూ ఉంటాయి. కుదిరితే మే నెలలో అదే రోడ్డు మీద మళ్లీ వెళ్లండి, పిల్లి గద్దలు వెళ్లిపోయాక ఆ స్తంభాల మీదా ఆ చేలల్లో మిగిలేవి ఎవరో అప్పుడు తెలుస్తుంది, మేము ఆ ట్రిప్‌కి మా పేర్లు ఇచ్చేశాం. పూర్తి చేతుల చొక్కా, టోపీ, రాయడానికి పెన్సిల్ తీసుకెళ్లండి. అడ్వాన్స్ 500 కట్టాలి, వాన పడితే డేట్ మారుస్తారు కానీ అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరు, అది ముందే అడిగి క్లియర్ చేసుకోండి.